వాము, సోంపు, జీలకర్ర, ధనియాలు: వాసన పోకుండా మందుగా వాడుకునే పద్ధతి

పొయ్యి మీద వాము నీళ్ళు మరుగుతుంటే ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే, గిన్నెలో ఉండాల్సింది గాలిలో కలిసిందన్నమాట. సుగంధ గింజలను మందుగా వాడి, ఫలితం లేదని పక్కన పెట్టేసేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఈ గింజల్లో పనిచేసే సరుకు వాటి నూనె. అది వంటనూనెలాంటిది కాదు, ఆవిరయ్యే నూనె. సెగ తగిలితే పోతుంది, గింజ పగిలితే పోతుంది, ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్నా పోతుంది. ఎప్పుడు దంచాలి, ఎంతసేపు మూత పెట్టాలి, దేనితో కలపాలి అన్న పాత నియమాలన్నీ దాన్ని గింజలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి కడుపులోకి చేర్చడానికి ఏర్పడినవే.

నూనె ఎక్కడ దాక్కుంటుంది

గింజలని పిలుస్తాం గానీ, వాము, జీలకర్ర, సోంపు, ధనియాలు, సోయికూర గింజలు నిజానికి ఎండిన కాయలు. అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి, క్యారెట్ కూడా వాటికి చుట్టమే. ఒక్కో కాయ రెండు పలుకులుగా విడిపోతుంది. సోంపు పలుకును బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే ఆరు ముదురు చుక్కలు కనిపిస్తాయి. వీపు వైపు గీతల మధ్య నాలుగు, చదునుగా ఉన్న లోపలి వైపు రెండు. అవి నూనె గొట్టాలు. గింజను అలాగే నీళ్ళలో వేస్తే ఆ గొట్టాలు మూసుకునే ఉంటాయి, నీటికి రంగు వస్తుంది గానీ గుణం రాదు.

ధనియాల సంగతి ఇంకా పట్టించుకోవాలి. పచ్చి కాయలో వీపు వైపు కూడా నూనె గొట్టాలు ఉంటాయి. పచ్చికాయను నలిపితే వచ్చే నల్లి కంపు వాటిదే. కాయ ముదిరి ఎండేసరికి అవి పోయి, లోపలి వైపున ఉన్న గొట్టాలే మిగులుతాయి, వాసన తియ్యబడుతుంది. మిగిలిన ఆ గొట్టాలు రెండు పలుకులు అతుక్కున్న చోట, గుండ్రటి ధనియం పొట్టలో ఉంటాయి. పలుకులు విడదీయకుండా రాత్రంతా నానబెట్టినా పెద్దగా దిగేదేమీ ఉండదు.

నూనె పాళ్ళు కూడా గింజకూ గింజకూ మారతాయి. వాములో బరువులో 2 నుంచి 4 శాతం, సోంపులో 2 నుంచి 6 శాతం, జీలకర్రలో కాస్త అటూ ఇటూగా వాములో ఉన్నంతే. ధనియాల్లో మాత్రం చాలా రకాల్లో 1 శాతం కూడా ఉండదు. అందుకే వాము అర చెంచా చాలు, ధనియాలు రెండు పెద్ద చెంచాలు కావాలి. అన్నిటికీ ఒకే కొలత పెట్టేవాళ్ళకు వాముతో మంట పుడుతుంది, ధనియాలతో ఏమీ తెలియదు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

పది గింజలు అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా నలిపి వాసన చూడాలి. మంచి వాము ముక్కుకు ఘాటుగా తగులుతుంది, నమిలితే నాలుక మొన చురుక్కుమని, కాసేపటికి కొద్దిగా తిమ్మిరెక్కుతుంది. ఆ తిమ్మిరి లేకపోతే ఆ వాము వంటకు పనికొస్తుందేమో గానీ మందుకు పనికిరాదు. సోంపు ముందు తియ్యగా, వెనక సన్నగా కర్పూరపు చేదుతో ఉండాలి. జీలకర్రను నలిపినప్పుడు వేళ్ళకు నల్లటి మసి అంటితే అందులో బొగ్గుపొడి అద్దిన గడ్డి గింజలు కలిశాయని అనుమానించాలి. సోంపు మరీ చిలకపచ్చగా మెరుస్తుంటే తడి దూది మీద రుద్ది చూడండి. దూది పచ్చబడితే అది రంగే.

పేర్ల గందరగోళం ఒకటి ఉంది. నల్ల జీలకర్ర అని అడిగితే ఒకచోట నైజెల్లా ఇస్తారు, ఇంకోచోట షాజీరా ఇస్తారు. నైజెల్లా మూడు పలకలుగా, కాటుక నలుపుతో, మెరుపు లేకుండా ఉంటుంది. షాజీరా సన్నగా, కొంచెం వంపు తిరిగి, గోధుమ నలుపులో, జీలకర్రకు బక్కచిక్కిన తమ్ముడిలా ఉంటుంది. రెండిటి గుణాలూ వేరు, మొక్కల కుటుంబాలే వేరు. వామును పోలిన మరో మందు గింజ అజమోదం, దాని పేరుతోనూ ఇదే తంటా. చాలాచోట్ల దాని బదులు వామే ఇచ్చేస్తుంటారు.

దాచడానికి గాజు సీసా, బిగుతైన మూత, వెలుతురు తగలని అర చాలు. పొయ్యి పక్కన ఉన్న డబ్బాలో పోపు గింజలు పెట్టుకోండి, మందు గింజలు మాత్రం కాదు. గింజగా ఉంటే ఏడాది, ఏడాదిన్నర దాకా బాగుంటాయి. పొడి కొడితే ఆ లెక్క వారాల్లోకి పడిపోతుంది, ఎందుకంటే గొట్టాలన్నీ తెరుచుకుని గాలికి ఎదురుగా ఉంటాయి. సోంపు పొడిలో అయితే నూనె పోవడమే కాదు, గాలికీ వెలుతురుకూ రూపు కూడా మారిపోతుంది. అందుకని మందుకు ఏ పూటకు ఆ పూటే దంచుకోవాలి.

ఫాంటం: అన్నిటికీ పనికొచ్చే పద్ధతి

ఆయుర్వేదంలో కషాయానికి మామూలు కొలత ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్ళు, ఎనిమిదో వంతు మిగిలేదాకా మరగకాచడం, అదీ మూత లేకుండా. వేళ్ళకు, బెరళ్ళకు ఇది సరైన పద్ధతి. సుగంధ గింజను ఇలా కాచితే మిగిలేది గోధుమరంగు చేదు నీళ్ళే. వీటికి ఆ వైద్యంలోనే రెండు వేరే దారులున్నాయి. ఫాంటం అంటే మరిగిన నీళ్ళు పోసి ఊరనివ్వడం. హిమం అంటే చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టడం. ఇళ్ళలో అన్నిటినీ కషాయమనే పిలవడం వల్ల ఈ తేడా మరుగున పడింది.

ఒక కప్పు సోంపు ఫాంటం ఇలా చేయాలి. కొలత కోసం ముందే ఒక మాట: సమంగా నింపిన చిన్న చెంచా సోంపు సుమారు 2 గ్రాములు, జీలకర్ర కూడా దాదాపు అంతే, ధనియాలు ఇంకొంచెం తక్కువ, మెంతులైతే మూడున్నర గ్రాములు దాటతాయి.

ఒక చిన్న చెంచా సోంపు చన్నీళ్ళతో ఒకసారి కడిగి గుడ్డ మీద ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడితే తడి గింజ రోట్లో జారుతుంది, నలగదు. రోట్లో వేసి కొట్టకుండా, రోకలిని అదిమి తిప్పుతూ నలపండి. ప్రతి గింజా రెండుమూడు ముక్కలైతే చాలు. మెత్తటి పొడి అయిందంటే ఎక్కువ చేసినట్టు. పొడి వడకట్టులోంచి దిగిపోయి గొంతుకు తగులుతుంది, పీచులోని చేదు కూడా నీళ్ళలోకి వస్తుంది. మిక్సీ వాడాల్సి వస్తే ఒక్క క్షణం చొప్పున రెండుసార్లు తిప్పి ఆపండి. ఎక్కువసేపు తిరిగితే మిక్సీ గిన్నే వేడెక్కుతుంది.

నలిపిన గింజను వెంటనే పింగాణీ కప్పులోనో చిన్న స్టీలు గిన్నెలోనో వేసి, పొయ్యి మీంచి అప్పుడే దించిన మరుగు నీళ్ళు 250 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టండి. పదిహేను నిమిషాలు ఊరాలి. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు పట్టిన చెమట చుక్కలను కప్పులోకే విదిలించండి. ఆవిరితో పైకెక్కిన నూనెలో కొంత ఆ చుక్కల్లోనే ఉంటుంది. వడకట్టి, గోరువెచ్చగా, గుక్కగుక్కగా తాగాలి.

కప్పు మీద వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే నీటి పైన సన్నటి మెరుపు పొర కనిపిస్తుంది. అది కనిపిస్తే పని సరిగా జరిగినట్టే. నీళ్ళు ముదురు రంగులో ఉండి వాసన మాత్రం లేకపోతే గింజ పాతదైనా అయ్యుండాలి, పొయ్యి మీదే మరిగించైనా ఉండాలి.

యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సోంపుకు ఇచ్చిన కొలత కూడా ఇంచుమించు ఇదే. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు 1.5 నుంచి 2.5 గ్రాముల నలిపిన గింజ, పావు లీటరు మరుగు నీళ్ళు, పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు. రెండు వారాలకు మించి వాడవద్దని, నాలుగేళ్ళ లోపు పిల్లలకు సిఫార్సు చేయడం లేదని కూడా ఆ సంస్థ చెప్పింది.

ఏ గింజ దేనికి

*వాము.* ఈ గింజలన్నిటిలో ఘాటైనది, తొందరగా పనిచేసేది. దీని నూనెలో పెద్ద భాగం థైమాల్. వాము నూనెను చల్లబరిస్తే తెల్లటి పలుకులుగా గడ్డకట్టేది అదే, దాన్నే వాము పువ్వు అంటారు. సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నందువల్ల దంతవైద్యంలోనూ, నోరు పుక్కిలించే మందుల్లోనూ థైమాల్ వాడతారు. కడుపు కండరాల బిగుతును సడలించే గుణం కూడా వాముకు ఉంది. తిన్నది అరగక పొట్ట రాయిలా బిగుసుకున్నప్పుడు అర చిన్న చెంచా వాము, రెండు పలుకుల ఉప్పు కలిపి నమిలి, రసం మింగుతూ, చివర వేడినీళ్ళు తాగాలి. నమలాలి, మింగేయకూడదు. మింగిన గింజ పగలకుండానే బయటికి పోతుంది. చాలామందికి అరగంటలోపే తేన్పు వచ్చి తేలికపడుతుంది. రోజుకు రెండుసార్లు, మూడు రోజులు చాలు.

వాము ఎవరికి పడదో ముందే తెలుసుకోవాలి. ఛాతీ మంట, పులితేన్పులు ఉన్నవాళ్ళకు ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. వాము వేడి చేస్తుందన్న పాత మాటలో అర్థం ఉంది. పేగుల కండరాన్ని సడలించే మందు, కడుపు పైన వాల్వులా పనిచేసే కండరాన్నీ సడలించగలదు. అప్పుడు పులుపు పైకెగదన్నుతుంది. ఉబ్బరానికీ మంటకూ తేడా చూసుకోకుండా అన్నిటికీ వాము తినిపించడం వల్లే దీనికి చెడ్డపేరు.

గొంతు గరగరకు, చిగుళ్ళ వాపుకు ఒక చెంచా వాము నలిపి 200 మిల్లీలీటర్ల మరుగు నీళ్ళలో మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, వడకట్టి, చిటికెడు ఉప్పు వేసి పుక్కిలించవచ్చు. పంటి నొప్పికి కాస్త ఉపశమనం వస్తుంది గానీ పుచ్చు పుచ్చుగానే ఉంటుంది.

*సోంపు.* మంటా ఉబ్బరమూ కలిసి ఉన్నవాళ్ళకు వాము బదులు ఇది. తీపికి కారణం అనెథోల్, వెనక చేదుకు ఫెంకోన్. కడుపుబ్బరానికి, నెలసరి నొప్పికి, కఫం పట్టిన దగ్గుకు పైన చెప్పిన ఫాంటం సరిపోతుంది. నెలసరి నొప్పికైతే నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతున్న రోజు నుంచే తాగాలి. బిగిసిన కండరాన్ని సడలించడం కన్నా బిగియనివ్వకపోవడం తేలిక. భోజనమయ్యాక నమలడానికి అర చెంచా చాలు. పంచదార పూత పూసిన రంగు సోంపును మాత్రం మందు లెక్కలో వేయకండి, అది మిఠాయి.

అనాసపువ్వు వాసన సోంపులాగే ఉంటుంది, అందులోనూ అనెథోలే ఉంది. అయినా ఇంట్లో టీ కాచుకోవడానికి సోంపు బదులు దాన్ని వాడకపోవడమే మంచిది. దానికి అచ్చంగా పోలినట్టుండే జపాన్ అనాసపువ్వు విషం. ఎండిన పువ్వుల్లో రెండిటినీ కంటితో వేరుచేయడం కష్టం. ఆ టీ తాగినవాళ్ళలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, ఫిట్స్ లాంటివి రావడంతో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో హెచ్చరిక కూడా ఇచ్చింది.

*జీలకర్ర.* నిదానమైన మందు. ఆకలి మందగించినప్పుడు, తిన్నాక పొట్ట బరువుగా ఉన్నప్పుడు పనికొస్తుంది. వేయించాలా వద్దా అన్న ప్రశ్న ఎక్కువగా వచ్చేది దీనికే. సన్నసెగ మీద నిమిషం, నిమిషంన్నర వేయించి, రంగు ఒక్క మెట్టు మారగానే దించేస్తే పచ్చి ఘాటు తగ్గి కడుపుకు హాయిగా ఉంటుంది, నూనె కూడా చాలావరకు నిలుస్తుంది. కమ్మటి మాడువాసన వచ్చేదాకా వేయిస్తే ఆ కమ్మదనం వేపుడులో పుట్టిన కొత్త వాసనలది. రుచికి మంచిదే, మందు మాత్రం చాలావరకు పోయినట్టే. జీలకర్రలో ఇనుము ఎక్కువని రక్తహీనతకు జీలకర్ర నీళ్ళు తాగమని చెబుతుంటారు. 100 గ్రాముల జీలకర్రలో 60 మిల్లీగ్రాముల పైన ఇనుము ఉన్నమాట నిజమే. కానీ చెంచా గింజలో ఉండేది ఒకటిన్నర మిల్లీగ్రాములే, వడకట్టిన నీళ్ళలోకి దిగేది అందులో కొంతే. రక్తం తక్కువైతే పరీక్ష చేయించుకోవాలి. జీలకర్ర నీళ్ళు తాగితే పొట్ట కరుగుతుందన్న ప్రచారం కూడా ఉంది. కరగదు, దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

*సోయికూర గింజలు.* సంస్కృతంలో శతపుష్పం. వాసనకు కారణం కార్వోన్, షాజీరాను పోలిన సీమ జీలకర్రలోనూ ఉండేది అదే. పిల్లల కడుపునొప్పికి గ్రైప్ వాటర్ పేరుతో 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన మందులో ఈ గింజల నూనె ఉండేది. సోడా, చక్కెర, ఆల్కహాలు కూడా ఉండేవి! పిల్లలు ఊరుకున్నది దేనివల్లనో ఊహించుకోవచ్చు. పెద్దవాళ్ళు దీన్ని సోంపు కొలతలోనే వాడుకోవచ్చు.

*ధనియాలు.* దాహం, ఒళ్ళు మంటలు, మూత్రంలో మంట ఉన్నప్పుడు చలవకు వాడేది ఇది. నూనెలో ప్రధానమైంది లినలూల్, చాలా సున్నితమైంది. అందుకే ధనియాలకు వేడి తగలనివ్వకుండా హిమం చేయడం సంప్రదాయం. కొలత ఒకటికి ఆరు. 10 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాల ధనియాలను కడిగి ఆరబెట్టి, పలుకులు విడేలా నలిపి, 60 మిల్లీలీటర్ల నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున చేత్తో పిసికి వడకట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి పరగడుపున తాగాలి. మరీ చిక్కగా అనిపిస్తే నీళ్ళు కలుపుకోవచ్చు.

హిమంలో ఒక చిక్కుంది. పొలంలో ఎండిన గింజల మీద సూక్ష్మజీవులు ఉంటాయి, సాల్మొనెల్లాతో సహా. ఫాంటంలో మరిగిన నీళ్ళు వాటిలో చాలావాటిని చంపుతాయి. హిమంలో అవి రాత్రంతా తడిలో హాయిగా పెరుగుతాయి. కాబట్టి నీళ్ళు కాచి చల్లార్చినవే పోయాలి, గిన్నెకు మూతపెట్టి ఫ్రిజ్‌లో నానబెట్టాలి, పొద్దున వడకట్టగానే తాగేయాలి. పైన నురగ కట్టినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయాలి. గర్భిణులు, ముసలివాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు హిమం జోలికి పోకుండా ధనియాలకు కూడా ఫాంటమే చేసుకోవాలి. నూనె కొంత పోయినా ప్రమాదం తగ్గుతుంది.

జీలకర్ర, ధనియాలు, సోంపు అర చెంచా చొప్పున కలిపి 300 మిల్లీలీటర్ల నీళ్ళకు ఫాంటం చేసుకోవడం చాలామందికి అలవాటు. రోజూ కాస్త ఉబ్బరంగా ఉండేవాళ్ళకు ఇది నిదానంగా పనిచేస్తుంది. వాము ఇందులో కలపకండి, దాని ఘాటు మిగతా మూడింటినీ మింగేస్తుంది.

నెయ్యితో ఎందుకు

ఈ నూనెలు నీటిలో పెద్దగా కరగవు. థైమాల్ అయితే లీటరు నీటికి ఇంచుమించు ఒక గ్రామే. కొవ్వులో మాత్రం బాగా కరుగుతాయి. హింగ్వాష్టక చూర్ణాన్ని నెయ్యిలో కలిపి అన్నం మొదటి ముద్దతో తినమనడం దీనికి చక్కటి ఉదాహరణ. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అజమోదం, సైంధవ లవణం, రెండు రకాల జీలకర్ర, ఇంగువ ఉన్న ఆ పొడిని నీళ్ళతో మింగితే గొంతుకు పట్టుకుంటుంది, వాసన సగం గాలిలోనే పోతుంది. ఇంట్లోనూ ఇదే సూత్రం వాడుకోవచ్చు. అర చెంచా నెయ్యి గోరువెచ్చగా చేసి, పొయ్యి మీంచి దించాక నలిపిన జీలకర్ర వేసి, రెండు నిమిషాలు మూతపెట్టి తీసుకోవాలి. నెయ్యి పొగలొచ్చేటంత కాగితే అది తాలింపే అవుతుంది.

వాము అర్కం

కాస్త ఓపిక ఉన్నవాళ్ళకు ఇది. వాము నూనెను ఆవిరిగా పైకి లేపి, మళ్ళీ చల్లార్చి పట్టుకోవడం. ఎత్తైన గిన్నె అడుగున ఒక స్టాండు పెట్టి, దాని మీద ఖాళీ చిన్న గిన్నె ఉంచండి. చుట్టూ 50 గ్రాముల నలిపిన వాము, లీటరు నీళ్ళు పోయండి. నీటిమట్టం చిన్న గిన్నె అంచుకు కనీసం మూడు వేళ్ళ కిందే ఉండాలి, లేకపోతే మరుగులో ఎగిరిన నీళ్ళు అందులో పడి అర్కం గోధుమరంగుకు తిరుగుతుంది. పెద్ద గిన్నె మీద బొడిపె ఉన్న మూతను తలకిందులుగా బోర్లించి, దాని గుంటలో మంచుముక్కలు నింపండి. సన్నసెగ మీద పెడితే ఆవిరి చల్లటి మూతకు తగిలి, చుక్కలై, బొడిపె వెంట జారి చిన్న గిన్నెలో పడుతుంది. మంచు కరగగానే నీళ్ళు తోడేసి కొత్త మంచు వేయాలి. మూత వేడెక్కితే చుక్క పడదు, ఆవిరి పక్కల నుంచి పారిపోతుంది.

చిన్న గిన్నెలో 150 మిల్లీలీటర్లు చేరగానే ఆపేయండి. నూనెలో ఎక్కువ భాగం మొదట్లోనే వచ్చేస్తుంది, ఆ తర్వాత దిగేది దాదాపు ఉత్త నీళ్ళే. అర్కం పాలనీళ్ళలా కొద్దిగా మసకగా ఉంటుంది, పైన నూనె చుక్కలు తేలతాయి. ఆ తేలిన నూనెను దూదితో అద్ది తీసేయాలి, తాగకూడదు. కింది నీళ్ళను సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పాటు వాడుకోవచ్చు. పెద్దవాళ్ళకు రెండు చిన్న చెంచాలు అరగ్లాసు నీళ్ళలో, ఉబ్బరం ఉన్నప్పుడే.

సీసాల్లో అమ్మే వాము నూనెను దీనితో సమానం అనుకోవద్దు. ఒక మిల్లీలీటరు వాము నూనె రావాలంటే 25 నుంచి 50 గ్రాముల గింజలు కావాలి. చెంచా నూనె మింగితే పెద్ద గుప్పెళ్ళ కొద్దీ గింజలు ఒక్కసారిగా మింగినట్టే. నోరు, గొంతు కాలిపోతాయి. అలాంటి నూనెలను నేరుగా మింగకూడదు, చర్మానికి పూసినా కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో బాగా పలచన చేయాలి.

వాము మూట

రెండు చెంచాల వామును పొడి పెనం మీద సన్నసెగన వెచ్చబెట్టి, పల్చటి నూలుగుడ్డలో వదులుగా కట్టి, చేత్తో నలుపుతూ వాసన పీల్చాలి. ముక్కుదిబ్బడకు బాగుంటుంది. వేడి చూడ్డానికి మూటను మణికట్టు లోపలి వైపు పెట్టుకోండి, అరచేయి మొరటుది, వేడి సరిగా చెప్పదు. పసిపిల్లల ముక్కు దగ్గర, పరుపులో ఈ మూట పెట్టకండి. ఘాటు వాసనలకు చిన్నపిల్లల ఊపిరి బిగుసుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళకూ ఇదే జాగ్రత్త.

ఈ లెక్కకు లొంగని గింజలు

మెంతుల్లో ఆవిరయ్యే నూనె నామమాత్రం. పనిచేసేది వాటి జిగురు, పీచు, అందుకని మూత గొడవ లేదు, నానబెట్టడమే ముఖ్యం. రాత్రి చెంచా మెంతులు నీళ్ళలో వేసి, పొద్దున గింజలతో సహా తినాలి. నీళ్ళు మాత్రమే తాగి గింజలు పారేస్తే పీచు పారేసినట్టే. పొడిగా మింగి నీళ్ళు తక్కువ తాగితే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి, రెండూ కలిసి షుగరు మరీ పడిపోవచ్చు. మెంతులు ఎక్కువగా తిన్నవాళ్ళ చెమటకు, మూత్రానికి పాకం లాంటి వాసన వస్తుంది. భయపడాల్సిందేమీ లేదు.

ఆవాలు మరో దారి. ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదు. నలిగి, తడి తగిలినప్పుడు అందులోని ఎంజైము దాన్ని పుట్టిస్తుంది. మరుగు నీళ్ళు పోస్తే ఎంజైము చచ్చిపోయి ఘాటే పుట్టదు, గోరువెచ్చటి నీళ్ళు కావాలి. ఆవపట్టు, అంటే ఆవపిండి తడిపి ఒంటికి వేసే పట్టు, వేస్తే గుడ్డ అడ్డంగా ఉంచి పది నిమిషాలకు తీసేయాలి. అంతకు ముందే మండితే అప్పుడే. చర్మం ఎర్రబడటం దాకా మందు, బొబ్బలెక్కితే కాలిన గాయం.

ఎవరు వాడకూడదు, ఎప్పుడు ఆపాలి

వంటలో పడే మోతాదు గురించి గర్భిణులు బెంగపెట్టుకోనక్కర్లేదు. మందు మోతాదులో మాత్రం వాము, సోంపు, మెంతులు మానేయాలి. సోంపులో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే గుణం కొంత ఉంది కాబట్టి రొమ్ము క్యాన్సర్ లాంటి హార్మోను సంబంధ జబ్బులున్నవాళ్ళు దానికి దూరంగా ఉండాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు మెంతుల గురించి డాక్టరును అడగాలి. క్యారెట్, సెలరీ పడనివాళ్ళకు ఈ కుటుంబం గింజలు కూడా పడకపోవచ్చు. పెదవులు దురదపెట్టినా, గొంతు బిగిసినా వెంటనే ఆపేయాలి. ఏడాది లోపు పిల్లలకు ఏ గింజ ఫాంటమూ ఇవ్వొద్దు, అందులో తేనె కలిపి అసలే ఇవ్వొద్దు. తేనెలో ఉండే బొటులిజం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తగలవు.

రెండు వారాలు వాడినా ఉబ్బరం తగ్గకపోయినా, బరువు తగ్గిపోతున్నా, మలం నల్లగా తారులా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా, కుడివైపు పొత్తికడుపులో నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా ఇది గింజలతో తీరేది కాదు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని వాము నమిలి కూర్చోవద్దు. తేన్పు వచ్చి కాస్త తేలికైనట్టు అనిపించినా సరే, అంబులెన్సు పిలవాలి.